ఊరి బడిలో ఆఖరి ఏడు.. ఐదో తరగతి

విద్యార్థుల కార్యక్రమాలు, బడికి వచ్చే అతిథులు, ఆరో తరగతికి దారి.. తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే ప్రాథమిక పాఠశాలల ఆవరణల్లో ఒకే రకమైన దృశ్యం కనిపిస్తుంది. వేపచెట్టు నీడన జంపఖానా పరుస్తారు. రంగు కాగితాల తోరణాలు కడతారు. నాలుగో తరగతి పిల్లలు అటుకులు, మిఠాయి పంచుతారు. ఐదో తరగతి విద్యార్థులు వరుసగా నిలబడి తమ అనుభవాలు చెబుతారు. మాటలు రాక కొందరు కళ్లు తుడుచుకుంటారు. ప్రధానోపాధ్యాయుడు నాలుగు మంచి మాటలు చెప్పి, చేతికొక పెన్ను ఇచ్చి సాగనంపుతారు. వీడ్కోలు సభ అంతటితో ముగుస్తుంది.

అసలు ప్రశ్న ఆ మరునాడు మొదలవుతుంది. జూన్ 12న బడులు తిరిగి తెరిచేసరికి ఈ పిల్లలందరూ ఆరో తరగతి గదిలో కూర్చుంటారా? ఊళ్లో ఉన్నత పాఠశాల ఉంటే చింత లేదు. లేని ఊళ్లలోనే సమస్య. నాలుగు అడుగులు వేస్తే చేరుకునే బడి పోయి, పొరుగూరికి వెళ్లవలసిన బడి వస్తుంది. ఆ మార్పు దగ్గరే కొందరు ఆగిపోతారు. కనుక ఐదో తరగతిలో జరిగే కార్యక్రమాలనూ, ఆ ఏడాది బడికి వచ్చే అతిథులనూ కేవలం వేడుకలుగా చూడరాదు. ఆ పిల్లలను ఆరో తరగతి గడప దాటించే సన్నాహంగా వాటిని మలచుకోవలసి ఉంది.

ఐదుకూ ఆరుకూ మధ్య ఉన్న దూరం

మన రాష్ట్రంలో ప్రాథమిక విద్య ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉంటుంది. 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద రూపొందిన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతానికి ఒక కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపు ఆరు నుంచి ఎనిమిది తరగతుల పాఠశాల అందుబాటులో ఉండాలి. అంటే నిబంధన సక్రమంగా అమలైన చోట కూడా పదేళ్ల పిల్లవాడి దారి ఒక్కసారిగా మూడు రెట్లు పెరగవచ్చునన్నమాట.

దారి ఒక్కటే కాదు, చదువు తీరూ మారుతుంది. ప్రాథమిక బడిలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్నీ చెబుతారు. ఏ పిల్లవాడి తండ్రి ఏ పని చేస్తాడో, ఎవరి ఇంట్లో నాయనమ్మకు ఒంట్లో బాగోలేదో వారికి తెలుసు. ఉన్నత పాఠశాలలో గంట కొట్టినప్పుడల్లా ఉపాధ్యాయుడు మారతారు. ఐదో తరగతి దాకా ఒకే పుస్తకంగా ఉన్న పరిసరాల విజ్ఞానం ఆరో తరగతిలో సామాన్య శాస్త్రంగా, సాంఘిక శాస్త్రంగా విడిపోతుంది. హిందీ కొత్తగా వచ్చి చేరుతుంది. నిన్నటి వరకు బడిలో అందరికంటే పెద్దవాడు, నేడు అందరికంటే చిన్నవాడవుతాడు. ఈ మార్పులన్నీ ఒకేసారి మీద పడతాయి. ముందుగా ఎవరూ చెప్పకపోతే బెదిరిపోవడం సహజం.

చిన్న బడికి పెద్ద దిక్కు

ఐదో తరగతి పిల్లలంటే ప్రాథమిక పాఠశాలలో పెద్దన్నలు, పెద్దక్కలు. ప్రార్థన సమావేశం నడపడం, ప్రతిజ్ఞ చెప్పించడం, వార్తలు చదవడం, మధ్యాహ్న భోజన వేళ చిన్నపిల్లలను వరుసలో కూర్చోబెట్టడం, చేతులు కడిగించడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి పనులు సాధారణంగా వీరికే అప్పగిస్తారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు విద్యార్థులున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులను నెట్టుకురావలసిన చోట పెద్ద పిల్లల సాయం తప్పనిసరి అవుతోంది.

ఈ బాధ్యతలు పిల్లలకు మేలు చేసేవే. నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం వస్తుంది. తనకంటే చిన్నవారికి అక్షరాలు దిద్దించే పిల్లవాడికి తన అక్షరమూ కుదురుకుంటుంది. అయితే దీనికొక హద్దు ఉంది. ఒకటో తరగతిని అదుపులో ఉంచే పని రోజంతా ఐదో తరగతి పిల్లలకే వదిలేస్తే వారి చదువు కుంటుపడుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు, అదీ వంతులవారీగా అప్పగిస్తే చాలు. ఎప్పుడూ చురుకైన ఇద్దరికే నాయకత్వం కట్టబెట్టడం కూడా సరికాదు. మాట పెగలని పిల్లకు వారం పాటు వార్తలు చదివే అవకాశం ఇచ్చి చూస్తే, ఆ ఏడాది చివరకు వచ్చే తేడా తల్లిదండ్రులకే తెలుస్తుంది.

ఏడాది పొడవునా..

ఐదో తరగతి విద్యార్థులు ముందు నిలిచి నడపదగిన సందర్భాలు విద్యాసంవత్సరంలో ఎన్నో ఉన్నాయి. జూన్‌లో బడిబాట ర్యాలీతో ఏడాది ఆరంభమవుతుంది. ఆగస్టు 15న జెండా పండుగ, 29న గిడుగు రామమూర్తి జయంతిని పురస్కరించుకుని తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం, దసరా సెలవులకు ముందు బడి ఆవరణలో బతుకమ్మ, నవంబరు 14న బాలల దినోత్సవం, అదే రోజు మొదలై 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, డిసెంబరు 22న శ్రీనివాస రామానుజన్ జయంతి సందర్భంగా గణిత దినోత్సవం, జనవరి 26న గణతంత్ర వేడుక, ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం వరుసగా వస్తాయి. సర్ సి.వి.రామన్ 1928లో తన పరిశోధన ఫలితాన్ని ప్రకటించిన రోజును 1987 నుంచి సైన్స్ దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

వీటన్నింటినీ ఘనంగా జరపవలసిన అవసరం లేదు. మూడు నాలుగింటిని ఎంచుకుని పిల్లలచేతనే నడిపిస్తే మేలు. సైన్స్ దినోత్సవానికి అట్టముక్కలతో నమూనాలు కొనితెచ్చి పెట్టడం కన్నా, బడి బోరు నీటినీ వాననీటినీ రెండు గాజు గ్లాసుల్లో కాచి, అడుగున మిగిలిన తెల్లటి పొరను పోల్చి చూపడం ఎక్కువ పాఠం నేర్పుతుంది. వేడి నీటి దగ్గర ఉపాధ్యాయుడు తప్పక ఉండాలి. ఫ్లోరైడ్ బాధ ఎరిగిన ఉమ్మడి నల్గొండ జిల్లాలో నీటి గురించిన ఏ పాఠమైనా పిల్లలు ఇంటికి మోసుకుపోయే పాఠమే. అయితే ఫ్లోరైడ్ కంటికి కనిపించేది కాదనీ, పరీక్ష చేస్తేనే తెలుస్తుందనీ, తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉండటం మంచిదని ప్రమాణాలు చెబుతున్నాయనీ పిల్లలకు వివరించాలి.

ఒక్కరోజు ఉపాధ్యాయులు

ఉపాధ్యాయ దినోత్సవం నాడు జరిపే స్వయంపాలన దినోత్సవం ఐదో తరగతి వారికి మరపురాని రోజు. అమ్మ చీర కట్టుకుని ఒకరు టీచరమ్మ, నాన్న చొక్కా తొడుక్కుని మరొకరు హెచ్‌ఎం, ఇంకొకరు ఎంఈవో, వేరొకరు ఏకంగా కలెక్టరు. పత్రికలో ఫొటో కూడా వస్తుంది.

వేషం వరకే ఆగిపోతే దీని ప్రయోజనం సగమే. పాఠం చెప్పబోయే విద్యార్థికి వారం ముందే పాఠ్యాంశం ఇవ్వాలి. చెప్పబోయే పాఠంలో మూడు ప్రశ్నలు తయారుచేసుకోవాలి. హెచ్‌ఎం పాత్రధారి ఆనాటి హాజరు పట్టీ తీసి ఎందరు రాలేదో లెక్కించాలి. కలెక్టరుగా వచ్చిన పిల్ల మరుగుదొడ్డి తలుపు గడియ పడుతోందా, తాగునీటి పంపు పనిచేస్తోందా చూసి చిన్న నివేదిక రాయాలి. ఆ నివేదికను నిజమైన హెచ్‌ఎం నిజంగానే పంచాయతీకి పంపాలి. తాము రాసిన కాగితం వల్ల ఒక గడియ బాగుపడితే, పౌరశాస్త్రంలో అంతకు మించిన పాఠం లేదు.

బడికి వచ్చే అతిథులు ఎవరు?

అతిథి అనగానే శాలువా, పూలదండ, గంటసేపు ఉపన్యాసం గుర్తుకొస్తాయి. వేదిక మీద పెద్దలు, ఎండలో పిల్లలు. ఇటువంటి సభల వల్ల విద్యార్థులకు ఒరిగేది తక్కువ. ఐదో తరగతికి కావలసిన అతిథులు వేరే ఉన్నారు. వారిలో చాలామంది ఊళ్లోనే ఉన్నారు.

మొదటి అతిథి ఏఎన్‌ఎం. జాతీయ టీకాల పట్టిక ప్రకారం పదేళ్ల వయసులో ఒకసారి, పదహారేళ్లకు మరొకసారి టీడీ టీకా వేయించాలి. ధనుర్వాతం, కంఠసర్పి వ్యాధుల నుంచి ఇది రక్షణ ఇస్తుంది. ఐదో తరగతి పిల్లల వయసు సరిగ్గా ఇదే. పసితనంలో వేయించిన టీకాలు గుర్తున్న తల్లిదండ్రులు సైతం దీనిని మరచిపోతుంటారు. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల ప్రాంతంలో జాతీయ నులిపురుగుల నివారణ దినం సందర్భంగా అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రను బడిలోనే నమిలించి మింగిస్తారు. రక్తహీనత నివారణకు వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్ర పదేళ్ల లోపు వారికి గులాబీ రంగులో, ఆపై వారికి నీలం రంగులో ఉంటుంది. రంగు మారిందంటే మోతాదు మారిందని అర్థం. ఈ సంగతి పిల్లలకు ఏఎన్‌ఎం స్వయంగా చెబితే మాత్రను కిటికీలోంచి పారేసే అలవాటు తగ్గుతుంది.

రెండో అతిథి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం. 2013లో మొదలైన ఈ పథకం కింద సంచార బృందాలు ప్రభుత్వ బడుల పిల్లలను ఏడాదికొకసారి పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు అంశాలను చూస్తారు. నల్లబల్ల కనిపించక వెనకబడిన పిల్లవాడిని మందబుద్ధిగా పొరబడిన సందర్భాలు ఉపాధ్యాయులందరికీ ఎరుకే. వందమంది కూర్చునే ఉన్నత పాఠశాల హాలుకు వెళ్లే ముందే చూపు, వినికిడి పరీక్షలు పూర్తికావడం అవసరం. బృందం వచ్చిన నాడు తల్లిదండ్రుల్లో ఒకరు బడికి వస్తే, పిల్లలు చెప్పలేని విషయాలు వారు చెప్పగలుగుతారు.

నేతన్న చెప్పే లెక్కల పాఠం

యాదాద్రి భువనగిరి జిల్లాలో బడికి పిలవదగిన మూడో అతిథి నేతన్న. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించి రెండు దశాబ్దాలు దాటింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. అయినా మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకే దాని వెనక ఉన్న లెక్క తెలియదు. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత నేయడం ఇక్కత్ పద్ధతి. బట్ట నేశాక అద్దిన బొమ్మ కాదది, నేయకముందే దారంలో దాచిన బొమ్మ. గళ్ల కాగితంపై ఒక చిలుకను గీసి, ఏ గడిలో ఏ రంగు రావాలో పిల్లలచేత నింపిస్తే, నేతన్న బుర్రలో నడిచే గణితం వారికి తెలిసివస్తుంది.

ఆసు పోయడం మరొక పాఠం. ఒక చీరకు కావలసిన నూలును ఆసుపై పోయాలంటే సుమారు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. రోజుకు రెండు చీరలైతే ఎన్నిసార్లు? ఆరు రోజులకు ఎన్నిసార్లు? ఐదో తరగతి గుణకారం ఇంతకన్నా సజీవంగా ఎక్కడా దొరకదు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పనికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం ఈ జిల్లా ఆలేరు ప్రాంతం వారే. ఆర్థిక ఇబ్బందుల వల్ల చిన్నతనంలోనే చదువు ఆపవలసి వచ్చిన ఆయన, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు జాగ్రత్త వహించాలి. బడి మానేసినా గొప్పవారు కావచ్చన్న అర్థం రాకూడదు. చదువు చేతికి అందని చోట ఒక మనిషి ఎంత కష్టపడవలసి వచ్చిందో చెప్పాలి. అందిన చదువును వదులుకోరాదని చెప్పాలి.

ఇదే తీరున కుమ్మరి, వడ్రంగి, పాడి రైతు, తపాలా ఉద్యోగి, ఊరి పంచాయతీ కార్యదర్శి, బ్యాంకు ఉద్యోగి, గ్రంథపాలకుడు ఒక్కో నెలలో ఒక్కొక్కరు బడికి రావచ్చు. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో పేలుడు సంభవించినప్పుడు ప్రాణాలొడ్డిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం వీటిని జరుపుతున్నారు. గడ్డివాములు ఎండి ఉండే ఆ రోజుల్లో అగ్నిమాపక సిబ్బంది వచ్చి 101 నంబరుకు ఫోను చేసి ఏం చెప్పాలో పిల్లలచేత పలికించడం సమయోచితం. ఆపదలో ఉన్న బాలలకు 1098 నంబరు ఉందన్న సంగతి కూడా ఆ వయసుకు తెలిసి ఉండాలి.

పిలిచే పద్ధతి

అతిథిని పిలిచే ముందు మూడు రోజులు సన్నాహం అవసరం. మొదటిరోజు వచ్చేదెవరో, ఏ పని చేస్తారో పిల్లలకు చెప్పాలి. రెండోరోజు తలా ఒక ప్రశ్న రాయించాలి. మూడోరోజు వాటిలోంచి పది మంచి ప్రశ్నలు పిల్లలే ఏరుకోవాలి. అతిథి మాట పదిహేను నిమిషాలు, ప్రశ్నలు అరగంట ఉంటే సరిపోతుంది. శాలువాకు బదులు పిల్లలు రాసిన కృతజ్ఞతా లేఖ ఇస్తే లేఖారచన పాఠమూ పూర్తవుతుంది. మరునాడు విన్నదాన్ని పది వాక్యాల్లో రాయించి గోడపత్రికపై పెట్టాలి.

భద్రతను ఏమరరాదు. అతిథి ఎంతటి వారైనా ఉపాధ్యాయుడు గదిలోనే ఉండాలి. పిల్లలను ఒంటరిగా ఎవరి వెంటా పంపకూడదు. ఫొటోలు, వీడియోలు తీసి పంచుకునే ముందు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. వస్తువుల అమ్మకానికో, ప్రైవేటు కోచింగ్ ప్రచారానికో వచ్చేవారిని అతిథులుగా భావించవలసిన పని లేదు. స్వచ్ఛందంగా బడికి సేవ చేయదలచిన వారికోసం కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో విద్యాంజలి 2.0 వేదికను ప్రారంభించింది. విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు, వృత్తి నిపుణులు దానిలో పేరు నమోదు చేసుకుని తమకు తెలిసిన విద్యను పంచవచ్చు.

అందరికంటే ముఖ్యమైన అతిథి

ఇందరిలో ఐదో తరగతికి అత్యంత అవసరమైన అతిథికి శాలువా అక్కరలేదు, వేదిక అక్కరలేదు. నిరుడు ఇదే బడిలో ఐదో తరగతి చదివి, ఇప్పుడు పొరుగూరి ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో ఉన్న పిల్ల. ఆ పిల్ల వచ్చి అరగంట కూర్చుంటే పిల్లలు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. పెద్ద పిల్లలు కొడతారా? హిందీ సారు తిడతారా? బస్సు తప్పిపోతే ఎలా? మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందా? అన్నం సరిపోతుందా? ఏ అధికారినీ అడగలేని ప్రశ్నలివి. జవాబులు విన్న పిల్లల్లో సగం భయం అక్కడికక్కడే తీరిపోతుంది. తీరని భయాలు ఏమిటో ఉపాధ్యాయునికి తెలుస్తాయి.

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు గానీ, ఒక ఉపాధ్యాయురాలు గానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారి ఊరి బడికి వస్తే తల్లిదండ్రులకూ భరోసా కలుగుతుంది. జూన్‌లో తమ పిల్లను ఎవరికి అప్పగించబోతున్నారో వారి ముఖం ముందే చూసినట్లవుతుంది.

విహారం ఎక్కడికి?

ఐదో తరగతి పిల్లలను ఒక్కరోజు విహారయాత్రకు తీసుకువెళ్లడం చాలా బడుల్లో ఆనవాయితీ. దూరాభారాల నగర యాత్రలకు ఖర్చు పెట్టలేని కుటుంబాల పిల్లలు వెనకబడి ఉండిపోతారు. జిల్లాలోనే చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. ఆలేరుకు సమీపాన కొలనుపాకలో ప్రాచీన జైన ఆలయం, సోమేశ్వరాలయం ఉన్నాయి. కల్యాణి చాళుక్యుల కాలపు వైభవానికి అవి సాక్ష్యం. భువనగిరి కోట ఏకశిలపై నిలిచింది. చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికారు.

భువనగిరి గుట్టను చూపుతున్నప్పుడు పిల్లలకు మరొక మాట చెప్పవచ్చు. 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమె తొలి శిక్షణ ఈ బండరాయిపైనే సాగింది.

ఇవేవీ వీలుకాని బడి కూడా ఒక యాత్ర చేయగలదు. అది తాము చేరబోయే ఉన్నత పాఠశాలకు. ఉపాధ్యాయుడు, ఇద్దరు తల్లులు వెంట ఉండి, జూన్‌లో పిల్లలు వెళ్లబోయే దారినే, వెళ్లబోయే బస్సులోనే తీసుకువెళ్లాలి. ఆరో తరగతి గదిలో ఒక పీరియడు కూర్చోబెట్టాలి. ప్రయోగశాల, గ్రంథాలయం, ఆటస్థలం చూపించాలి. మధ్యాహ్నం అక్కడే భోజనం చేయించాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ప్రవేశ పరీక్షలు.. ఏది ఎప్పుడు?

ఐదో తరగతి అనగానే చాలా ఇళ్లలో నవోదయ మాట వినిపిస్తుంది. జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి ప్రవేశానికి ఐదో తరగతి చదువుతూ పరీక్ష రాయాలి. జీవితంలో ఒక్కసారే అవకాశం. రెండు గంటల వ్యవధిలో 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తికి 40 ప్రశ్నలు, అంకగణితానికి 20, భాషకు 20 ఉంటాయి. తెలుగులోనూ రాయవచ్చు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు కేటాయిస్తారు. అందుకు మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలో చదివి ఉండాలి. మూడో వంతు సీట్లు బాలికలకు దక్కుతాయి. ఉమ్మడి నల్గొండ జిల్లాలో చలకుర్తి వద్ద నవోదయ విద్యాలయం ఉంది.

గురుకులాల విషయంలో తరచూ పొరపాటు జరుగుతోంది. రాష్ట్రంలోని గురుకులాల్లో ప్రధాన ప్రవేశం ఐదో తరగతిలోనే. కనుక ఆ పరీక్ష నాలుగో తరగతి చదువుతున్నప్పుడే రాయాలి. ఐదో తరగతిలోకి వచ్చాక తెలుసుకుని నొచ్చుకునే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. వారు పై తరగతుల్లో మిగిలిపోయిన ఖాళీల భర్తీకి వెలువడే ప్రకటనలను గమనిస్తుండాలి. 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం ఆరంభమైన జిల్లా ఇది. ఆ అవకాశం తెలియక పోగొట్టుకోవడం విచారకరం.

ఆదర్శ పాఠశాలల్లో ఆరో తరగతి ప్రవేశానికి పరీక్ష ఉంటుంది. చదువు మానేసిన, తల్లిదండ్రులు లేని, నిరుపేద బాలికల కోసం 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆరో తరగతి నుంచి వసతితో కూడిన విద్య అందిస్తున్నాయి. పరీక్షల తేదీలు ఏటా మారుతుంటాయి. మండల విద్యాశాఖ కార్యాలయంలో విచారించడం ఉత్తమం.

అయితే నవోదయ సీటు రాని పిల్లలే ప్రతి బడిలోనూ ఎక్కువమంది. వారిని ఓడిపోయినవారిగా చూడటం తగదు. ఏడాది పొడవునా పరీక్ష పేరిట ఆటలు, బాలసభలు మాన్పించడమూ తగదు.

చదవడం వచ్చిందా?

కార్యక్రమాలు ఎన్ని ఉన్నా ఐదో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు ధారాళంగా చదవడం రావాలి. అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 48.8 శాతమే. సగానికి పైగా పిల్లలు చదవడం సరిగా రాకుండానే పెద్ద బడికి వెళుతున్నారని దీని అర్థం. ఆరో తరగతిలో అక్షరాలు దిద్దించే తీరిక ఎవరికీ ఉండదు. పాఠం అర్థంకాని పిల్లవాడు మొదట వెనక బల్లకు, తరువాత బడి బయటకు చేరుకుంటాడు.

అందుకే ప్రతి కార్యక్రమమూ ఏదో ఒక చదివే పనితో, రాసే పనితో ముడిపడాలి. బాలసభలో కథ చెప్పడంతో పాటు చదివించాలి. ఇంట్లో రోజూ పది నిమిషాలు పిల్లలచేత పెద్దగా చదివించుకుని వినాలి. తల్లిదండ్రులు చదువుకోకపోయినా వినడానికి అడ్డేమీ లేదు. తడబడుతున్నదీ లేనిదీ చెవికి తెలుస్తుంది.

ఆడపిల్ల దారి

పత్తి ఏరే రోజుల్లో కూలికి ఎదిగిన చేతులుగా, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకునే అక్కగా ఐదో తరగతి ఆడపిల్లను చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దానికి దూరపు బడి తోడైతే చదువు ఆపడానికి సాకు దొరికినట్లే. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకు, మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. అయితే టికెట్టు ఉచితమైనా బస్సు వేళకు రావాలి కదా. బడి గంటలకు అనుగుణంగా బస్సు నడపాలని కోరుతూ గ్రామస్థులు ఏప్రిల్‌లోనే డిపో అధికారులకు విన్నవించుకుంటే జూన్‌లో ఇబ్బంది తగ్గుతుంది. బస్సు లేని ఊళ్ల పిల్లలు గుంపుగా నడిచి వెళ్లేలా, వెంట వంతులవారీగా ఒక పెద్ద మనిషి ఉండేలా తల్లులే ఏర్పాటు చేసుకోవచ్చు. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల సమావేశాల్లో ఈ అంశమూ చర్చకు వస్తే మేలు.

కాగితాలు సరిచూసుకోండి

వీడ్కోలు సభ నాటికి తల్లిదండ్రులు బడి రికార్డులను ఒకసారి చూసుకోవాలి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ప్రవేశ రిజిస్టరులో, ఆధార్ కార్డులో ఒకే తీరున ఉన్నాయా అని పరిశీలించాలి. ఇప్పుడు దొర్లిన అక్షరదోషం పదో తరగతి ధ్రువపత్రం దాకా వెంట వస్తుంది. అప్పుడు దిద్దించుకోవడం కష్టం. ఒకటి నుంచి ఐదు వరకు చదివినట్లు స్టడీ సర్టిఫికెట్ తీసుకుని భద్రపరచాలి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగ నియామకాల్లో స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చదువు ఆధారంగా నిర్ణయిస్తున్నారు. ఇరవై ఏళ్ల తరువాత వెతుక్కునే కాగితం ఇది.

బదిలీ సర్టిఫికెట్ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. అడిగిన వెంటనే బడి దానిని ఇవ్వాలి. ఇవ్వడంలో ఆలస్యమైనా, ఆ కారణంగా కొత్త బడిలో ప్రవేశాన్ని ఆపరాదు. కాగితం రాలేదని పిల్లవాడిని నెల రోజులు ఇంట్లో ఉంచుకోవలసిన అగత్యం లేదు.

వీడ్కోలు.. స్వాగతం

వీడ్కోలు సభకు ఖరీదైన కానుకలు, కొత్త దుస్తులు, డీజే చప్పుళ్లు అక్కరలేదు. పిల్లలు తలా ఒక మొక్క నాటి, దాన్ని నాలుగో తరగతిలోని ఒకరికి అప్పగించవచ్చు. ఐదేళ్లలో తమకు నచ్చిన పుస్తకం పేరు చెప్పి బడి గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇవ్వవచ్చు. ఎన్నడూ పేరు వినపడని వంట మనుషులను, ఆయమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి సత్కరించవచ్చు. ఆ రోజు బడిలో నిజమైన ముఖ్య అతిథులు వారే.

ఆ సభలోనే హెచ్‌ఎం ఒక జాబితా చదవాలి. ఏ పిల్ల ఏ బడిలో చేరబోతోందో పేరు పేరునా చెప్పాలి. ఎవరి పేరు ఎదుట ఖాళీ ఉంటుందో ఆ ఇంటికి వేసవి సెలవుల్లోగా ఒకరు వెళ్లి రావాలి. జూన్ రెండో వారంలో ఆ జాబితా పట్టుకుని ఉన్నత పాఠశాల హాజరు పట్టీతో సరిచూడాలి. ఇద్దరు తగ్గితే ఆ ఇద్దరి కోసం మళ్లీ వెళ్లాలి. ఐదేళ్ల పాటు బడి పడ్డ శ్రమకు అసలైన ఫలితం ఆ హాజరు పట్టీలోనే కనిపిస్తుంది.